ఎడమ రెక్క

మొన్నామధ్య ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా కుర్చీలో కూలబడి ఉండగా, గేటు దగ్గర ఎవరో ఆడమనిషి "సైన్సు మాస్టారి అమ్మాయిగారిల్లు ఇదేనాండీ?" అని అడగడం వినిపించింది. అమలాపురంలో నన్నలా పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని, ఈ వీధిలో అందరికీ మేడమ్‌నే. లేచి వెళ్ళి చూస్తే నలభై దాటిన మనిషి, భుజాన సంచీ, చేతిలో పాత దుప్పటి ముక్కలో చుట్టిన పొడుగాటి పొట్లం. తన పేరు వరలక్ష్మి అనీ, రాజోలులో ఆసుపత్రి నర్సుగా పనిచేస్తున్నాననీ, సొంతూరు అంతర్వేది అనీ, మంగమ్మ కూతురిననీ వరసగా చెప్పింది. మంగమ్మ పేరు నేను విని నలభై ఏళ్ళయింది. గేటు తీసి ఆమెను లోపలికి రమ్మన్నాను.

కూర్చుంది గానీ మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. వచ్చిన పని అయ్యాక తాగుతానంది. పొట్లం ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా విప్పింది. లోపల మోచేతి పొడుగున్న చెక్క చట్రం. అగ్గిపుల్లలకంటే కొంచెం లావు బద్దలు, వాటి మీద బిగిసిన పల్చటి కాగితం, ఆ కాగితం మీద ముదురు పసుపు మరకలు, చివర్న వలకి కట్టే సీసం గుండు ఒకటి అతికించి ఉంది. చేతిలోకి తీసుకుంటే ఏమీ తీసుకున్నట్టు లేదు. అది ఎక్కడిదో ఆమె చెప్పక్కర్లేదు. మూడు నెలల క్రితం వాళ్ళమ్మ పోయిందట. ఈ ముక్కని ఇన్నేళ్ళూ వలలు పెట్టుకునే పాకలో, రేకుపెట్టెలో, వేపాకు వేసి దాచిందట. ఇంట్లోకి మాత్రం ఎప్పుడూ తేనివ్వలేదట.

"అమ్మ పోయేముందు మరీమరీ చెప్పిందండి," అంది వరలక్ష్మి. "మొగుడు పోయినదాన్ని, నా చెయ్యి తగలబట్టే మాస్టారి విమానం పడిపోయింది, ఆరి అమ్మాయిగారు ఎక్కడున్నారో కనుక్కుని ఇది ఇచ్చేసి, నన్ను క్షమించమన్నానని చెప్పు అందండి."

ఇప్పుడే కాఫీ కలుపుకొస్తానని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పాలు స్టవ్ మీద పెట్టాను, వెలిగించడం మర్చిపోయాను. ఆ విమానం ఎవరి చేతి వల్ల పడిందో ఈ భూమ్మీద ఒక్కదానికే తెలుసు, అది నేను. ఆ చెయ్యి మంగమ్మది కాదు. చల్లటి పాలగిన్నె ముందు అలా ఎంతసేపు నిలబడ్డానో తెలీదు గానీ, నలభై ఏళ్ళ కిందటి వంటిల్లు ఒకటి వచ్చి నా చుట్టూ నిలబడింది.

అప్పుడు మేము రాజోలులో కాలవగట్టు మీద ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. వంటింటి పైన అటక, అటక నిండా ఇల్లుగలాయన కొబ్బరికాయలు. కింద పొయ్యిలో కొబ్బరి పీచు డొక్కలూ మట్టలూ మండుతుంటే ఆ సెగకీ పొగకీ కాయలు నెలల తరబడి ఆరి, లోపలి నీరంతా ఇంకిపోయి కురిడీలయ్యేవి. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గుండు లొటలొట కొట్టుకోవాలి, అప్పుడే అది కురిడీ. ఇల్లుగలాయన నెలకోసారి వచ్చి నిచ్చెనెక్కి, నాలుగు కాయలు ఆడించి చూసుకుని, పొయ్యి మరీ సన్నగా పెడుతున్నారని మా అమ్మ మీద నేరం మోపి దిగిపోయేవాడు. అద్దె ఇచ్చి మరీ ఆయన కాయలు ఎండబెడుతున్నామని అమ్మ ఆయన వెళ్ళాక సణిగేది. వర్షాకాలంలో బట్టలు ఆరకపోయినా, తలుపులు ఉబ్బి బిగుసుకుపోయినా, ఉప్పు జాడీలో నీరు చేరినా, ఆ అటక మాత్రం పొడిగా వెచ్చగా ఉండేది. ఈ కథకి ఆ అటక చాలా ముఖ్యం.

మా నాన్నగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. తాతగారు ఇంకొకరి పొలంలో పాలేరుగా బతికి, మిషన్ బళ్ళో పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకున్న మనిషి. ఆ ఇంట్లోంచి మొదటిసారి నెలజీతం తెచ్చుకున్నది నాన్నగారే. అందుకేనేమో తెల్లచొక్కా విషయంలో ఆయనకి భలే పట్టింపు. వారానికి ఆరు చొక్కాలు, ఆరూ గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి కావాలి. ఆ గంజి పెట్టే పని నాది. అన్నం వార్చిన గంజిని గుడ్డలో వడగట్టి, కొంచెం పటిక అరగదీసి కలిపి, కాలర్లు అట్టలా నిలబడేలా పెట్టడంలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇంటర్మీడియట్‌లో లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్న ఆ ఏడాది నాకు చెప్పుకోవడానికి మిగిలిన గొప్ప అదొక్కటే. నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన ఎవరినీ ఏమీ అనేవారు కాదు. బడిపిల్లల్ని కూడా అండీ అని పిలిచేవారు. కాదు అనే మాట ఆయన నోటి నుంచి నేను విన్నది బహు తక్కువ. ఆయన అనకపోవడమే నన్ను ఎక్కువ కోసేది.

ఆ ఏడాది ఒక శనివారం బడిపిల్లల్ని సముద్రం చూపించడానికి అంతర్వేది తీసుకెళ్ళారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర నీళ్ళ కింద ఇసుక మేట వేస్తూ, జరుగుతూ ఉంటుంది. నిన్న పడవ నడిచిన చోట ఇవాళ నడవదు. వేట నుంచి తిరిగొస్తున్న పడవ ఒకటి ఆ మేట మీద ఇరుక్కుంది. కెరటాలు దాన్ని పక్కకి తిప్పేశాయి. ముగ్గురు ఈది బయటపడ్డారు. ఏడుకొండలు అనే మనిషికి అప్పటికే భుజం విరిగింది, పడవ అంచు పట్టుకుని ఉండిపోయాడు. ఒడ్డు నుంచి కొబ్బరి డొక్కలు కట్టిన తాడు మళ్ళీమళ్ళీ విసిరారు, అది సగం దూరం కూడా వెళ్ళలేదు. తాడు పట్టుకుని ఈదినవాళ్ళని కెరటాలు వెనక్కి తెచ్చి పడేశాయి. ఒడ్డు మీద వందమంది, నాన్నగారితో సహా, చూస్తూ నిలబడ్డారు. ఏడుకొండలు భార్య మంగమ్మ చంకలో ఏడాది పిల్లతో అందరికంటే ముందు మోకాలి లోతు నీళ్ళలో నిలబడిందట. గంటసేపటికి పడవ ఉంది గానీ దాని మీద మనిషి లేడు. ఆ సాయంత్రం ఇంట్లో కుటుంబ ప్రార్థన మొదలుపెట్టిన నాన్నగారు సగంలో ఆగిపోయి, మిగతాది అమ్మని చెయ్యమన్నారు. అన్నం తినలేదు.

వారం తర్వాత ఆయనకి ఆలోచన వచ్చింది. మనిషి వెళ్ళలేని చోటికి, విసిరిన తాడు చేరని చోటికి సన్నటి నైలాను దారం ఒకటి వెళ్తే చాలు. దారం చివర లావు తాడు కడితే పడవలో ఉన్నవాడు లాక్కుంటాడు. దారాన్ని తీసుకెళ్ళడానికి రేడియోతో నడిచే బొమ్మ విమానం చెయ్యాలి. ఆయనతో చదువుకున్న స్నేహితుడొకరు విశాఖపట్నంలో కాలేజీ పిల్లలకి అలాంటి విమానాలు చెయ్యడం నేర్పేవారు. ఆయన ఒక పాత రేడియో పెట్టె, చిన్న ఇంజను, బాల్సా చెక్క పలకల కట్ట, డోపు డబ్బా పార్శిల్ చేశారు. బాల్సా పలక మొదటిసారి చేతిలో పెట్టుకున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. చెక్కలా కనపడుతుంది, గోరుతో నొక్కితే గుంట పడుతుంది, అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలీదు. దారం బరువూ, దాని ఈడుపూ తట్టుకోవాలంటే రెక్కలు పెద్దవి కావాలి. పన్నెండు అడుగులు, అంటే ఒక్కో రెక్క ఆరడుగులు. అంత పెద్దది చేసినా మొత్తం బరువు మంగమ్మ చంకలోని పిల్ల బరువుకి మించకూడదన్నారు నాన్నగారు. ఆ పిల్లని ఆయన మర్చిపోలేకపోయారు.

ఇక మా ఇంట్లో బరువు తప్ప వేరే మాట లేకుండా పోయింది. తెలిసిన కంసాలి దగ్గర చిన్న త్రాసు ఎరువు తెచ్చారు. రెక్కలో వేసే పక్కబద్దలు ఒక్కోటీ సగం బ్లేడుతో కోసి, మధ్యలో గుండ్రంగా చిల్లులు తొలిచి, త్రాసులో పెట్టి, ఎక్కువ తూగితే ఇంకో చిల్లు తొలిచేవారు. కోసేటప్పుడు మాట్లాడకూడదు, ఊపిరి కూడా పక్కకి వదలాలి. తోక భాగంలో బలం కోసం బాల్సాకి పక్కన ఈనెపుల్లలు అతికించారు, ఆ ఆలోచన మాత్రం నాది. నాన్నగారు చొక్కా విప్పి బనీనుతో నేల మీద బాసింపట్టు వేసుకుని పనిచేస్తుంటే, చెక్కపొడి ఆయన చేతి వెంట్రుకలకి పట్టి ఉండేది. పప్పులో ఉప్పు కూడా తూచి వెయ్యమంటారా అని అమ్మ ఎగతాళి చేసేది. పూర్తయిన ముక్కల్ని తేమ తగలకుండా అటక మీద కురిడీల పక్కన పెట్టేవాళ్ళం. ఇల్లుగలాయన ఒకరోజు నిచ్చెనెక్కి ఆ అస్థిపంజరాన్ని చూసి, దిగి వచ్చి, అమ్మతో మెల్లగా "మాస్టారి ఒంట్లో బాగానే ఉంటుందాండీ?" అని అడిగాడు.

రెక్కల చట్రం మీద పల్చటి కాగితం అంటించి, దాని మీద డోపు మూడు పూతలు వెయ్యాలి. డోపు అంటే వార్నిష్ లాంటి ద్రావకం, బాగా మగ్గిన చక్కెరకేళి పళ్ళ వాసన. అది ఆరితే కాగితం బిగుసుకుంటుంది, నీళ్ళు పడినా పీల్చుకోదు. అంత తేలిక చెక్కకి మెలి తిరగకుండా బలమంతా ఆ కాగితం బిగువే ఇస్తుందని నాన్నగారు నాకు వందసార్లు చెప్పారు. కాగితం వదులైతే రెక్క మెలిపడుతుంది, మెలిపడితే విమానం పడుతుంది. కుడి రెక్క మేమిద్దరం కలిసి పూర్తిచేశాం. అంతలో ఆయన్ని పరీక్ష పేపర్లు దిద్దడానికి కాకినాడ పంపించారు. ఎడమ రెక్క నాకు అప్పగించి, డోపు డబ్బా మూత ప్రతిసారీ బిగించమని, లేకపోతే గడ్డకట్టిపోతుందని, బస్సెక్కేముందు కూడా ఒకసారి చెప్పి వెళ్ళారు.

ఒక పూత కూడా పూర్తిగా వెయ్యలేదు. మంచి ఎండాకాలం మధ్యాహ్నం, చేతులు కడుక్కుని, వారపత్రికలో సీరియల్ రెండు పేజీలు చదివి వద్దామని మంచం మీద వాలాను. నిద్రపట్టేసింది. లేచేసరికి మూత తీసి ఉన్న డబ్బాలో డోపు జిగురుముద్ద అయిపోయింది. అమ్మకి కనపడకుండా దాన్ని తీసుకెళ్ళి కాలవలో పడేశాను. నాన్నగారికి చెబితే ఆయన ఏమీ అనరని తెలుసు, అదే నా భయం. లెక్కలు తప్పినప్పుడు అనలేదు, ఇప్పుడూ అనరు. మళ్ళీ విశాఖపట్నం రాసి, పార్శిల్ వచ్చేదాకా ఆగుదాం అంటారు, అంతే. ఆ మాట వినలేక నాకు చేతనైన పని నేను చేశాను. పల్చటి గంజి కాచి, పటిక వేసి, నాలుగుసార్లు వడగట్టి, కుంచెతో ఎడమ రెక్కంతా మూడు పూతలు పూసి అటక మీద పెట్టాను. తెల్లారి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. కాగితం గోరుతో మీటితే టంగుమంటోంది. ఇల్లంతా కుడి రెక్క డోపు వాసన ఎలాగూ ఉండనే ఉంది.

నాన్నగారు వచ్చి రెండు రెక్కలూ తూచారు. ఎడమది తేలికగా తూగింది. ఆయన మళ్ళీ తూచారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ చూసి, "నీది తేలిక చెయ్యమ్మా కరుణా, నా చెయ్యి మొరటు" అన్నారు. అమ్మని పిలిచి చూపించారు. బళ్ళో తోటి మాస్టర్లకి కూడా చెప్పారు. రెండు రెక్కలూ సరితూగడానికి ఎడమ రెక్క చివర వలకి కట్టే సీసం గుండు అతికించాల్సి వచ్చింది. ఆ ఏడాదంతా నేను ఎదురుచూసిన మెప్పు అది. దాన్ని చేతిలో పెట్టుకుని, అది గంజి అని ఎలా చెప్పను? చెప్పలేదు. తర్వాత కోతలైన చేలో నాలుగు రోజులు ఎగరేశాం. ఎండ ఫెళ్ళున కాస్తుంటే విమానం మా తలల మీద నింపాదిగా తిరిగింది. గంజైనా డోపైనా ఒకటే అని నన్ను నేను నమ్మించుకున్నాను.

తొలకరికి ముందు ఒక ఉదయం రెక్కల్ని అమ్మ పాతచీరల్లో చుట్టి, కొబ్బరికాయల లారీ మీద పెట్టుకుని అంతర్వేది వెళ్ళాం. ఎప్పుడు పడవ చిక్కుకుంటుందో అని కూర్చోకుండా, ముందే మొగ దగ్గర దారం దాటించి చూపిస్తే, ఆ తర్వాత విమానాన్ని ఊళ్ళోనే ఉంచి వాళ్ళలో ఒకరికి నడపడం నేర్పాలని నాన్నగారి ఉద్దేశం. ఇసుక మీద రెక్కలు బిగిస్తుంటే ఊరు ఊరంతా వచ్చింది. ఆ పేటకి పెద్ద నరసయ్య గారు వచ్చి నాన్నగారికి దణ్ణం పెట్టారు. ఆయన వెనక ఆడవాళ్ళు ఇత్తడి పళ్ళెంలో పసుపు ముద్ద, నీళ్ళ చెంబు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు.

"మాస్టారండీ, కొత్త పడవకి పసుపు రాయకుండా నీళ్ళలోకి దింపమండి," అన్నారు నరసయ్య గారు. "మాకోసం చేసేరు. దీనికీ రాయాలండి."

తడి వద్దండి అంటే ఒక్క ముక్కతో అయిపోయేది. కానీ క్రైస్తవులం కనుక పసుపు వద్దన్నామని వాళ్ళు అనుకుంటారేమోనని నాన్నగారి జంకు. ఎవరి మనసూ నొప్పించడం ఆయన వల్ల కాదు. నన్ను పక్కకి పిలిచి, ఎడమ రెక్కకి డోపు మూడు పూతలూ పడ్డాయి కదమ్మా, తడి తగిలినా ఫరవాలేదు కదా అని అడిగారు. ఆయన నన్ను సూటిగా అడిగింది ఆ ఒక్కసారే. పడ్డాయి నాన్నగారూ అన్నాను. ఆయన నిశ్చింతగా వెనక్కి తిరిగి, నరసయ్య గారితో అలాగేనండి అన్నారు.

పసుపు పళ్ళెం పట్టుకుని ఒక ముత్తయిదువ ముందుకి వచ్చింది. నాన్నగారు చుట్టూ చూశారు. మంగమ్మ జనానికి వెనకగా, పిల్లని చంకనేసుకుని నిలబడి ఉంది. ఏడుకొండలు గారి కోసం చేసినదానికి ఆయన భార్యగారు రాయకపోతే ఎలాగండీ అన్నారు నాన్నగారు. పళ్ళెం పట్టుకున్నామె నరసయ్య గారి వంక చూసింది. మంగమ్మ రెండుసార్లు వెనక్కి జరిగింది. నాన్నగారు తనే వెళ్ళి, దయచేసి రండమ్మా అని పిలిచారు. ఆ పిల్లని పక్కనున్నామెకి ఇచ్చి ఆమె వచ్చింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు జారుగా కలిపి, రెండు అరచేతులతో రెక్కల మొదటి నుంచి చివరిదాకా రాసింది. తొందరపడలేదు, ఎక్కడా వదల్లేదు. ఏడుస్తూనే రాసింది. కుడి రెక్క మీద పసుపునీళ్ళు చుక్కలు చుక్కలుగా నిలిచి జారిపోయాయి. ఎడమ రెక్క పీల్చుకుంది. కాగితం కింద బద్దలు ఒక్కోటీ బయటికి కనపడటం నేను చూశాను. అప్పటికైనా చెప్పొచ్చు. కాసేపు ఎండలో ఆరనిద్దాం నాన్నగారూ అన్నా చాలు. నాన్నగారు దారం చుట్ట తెమ్మంటే తెచ్చి ఇచ్చాను.

విమానం ఇసుక మీద పరుగెత్తి లేచింది. దాని వెనక దారం చుట్ట విప్పుకుంటూ వెళ్ళింది. జనం కేకలేశారు. మొదటి కెరటాల వరస దాటింది, రెండోది దాటింది. సముద్రపు గాలి ఒక్కసారి వీచింది. ఎడమ రెక్క చివర వణకడం మొదలైంది, తర్వాత తువ్వాలు పిండినట్టు మెలి తిరిగింది. విమానం ఎడమకి ఒరిగి, ఒరిగి, తలకిందులై నురగలో పడిపోయింది. జనంలోంచి ఒక ముసలామె, మొగుడు పోయిన చెయ్యి తగిలాక ఎగురుతుందా అంది. గట్టిగా కూడా అనలేదు. అందరికీ వినపడింది. నాన్నగారు వెంటనే, తప్పు నాదండి, లెక్క నేను తప్పానండి, ఆమెనేమీ అనకండి అని ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళు ఆయ్ ఆయ్ అని మర్యాదగా తలలూపారు, ఒక్కరూ నమ్మలేదు. మాస్టారు మంచాయన, అందుకని తన మీద వేసుకుంటున్నారు అనుకున్నారు. మంగమ్మ రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడింది. పిల్ల ఏడుస్తున్నా ఎత్తుకోలేదు.

మేము తిరిగొచ్చేశాం. ఇంజను, రేడియో సముద్రంలోనే పోయాయి. రెక్క ముక్క ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చిందని, మంగమ్మ తీసుకుందని మాకు తెలీదు. నాన్నగారు మళ్ళీ బాల్సా పట్టుకోలేదు. రెండేళ్ళ తర్వాత అదే మొగ దగ్గర ఇంకో పడవ తిరగబడి ఇద్దరు పోయారని పేపర్లో వచ్చింది. ఆయన ఆ పేపరు మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని బడికి వెళ్ళారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, మిగిలిపోయిన ప్రశ్నపత్రాల వెనక్కి తిప్పి ఎడమ రెక్క లెక్కలు వేస్తూనే ఉండేవారు. నేను డిగ్రీ పూర్తిచేసి, ఫిజిక్సు చదివి, ఉద్యోగం తెచ్చుకున్నాక ఆ కాగితాలు నాకు చూపించి, ఎక్కడ తప్పిందో చూడమ్మా అనేవారు. ఎక్కడా తప్పలేదు. చివరి రోజుల్లో నా దగ్గరే మంచం మీద ఉండి, ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే, ఎడమ రెక్కే ఎందుకు మెలిపడిందమ్మా అని అడిగారు. గాలి నాన్నగారూ అన్నాను. ఆయన ఆలోచించి, గాలికి లెక్కలో చోటిచ్చానే అన్నారు. నా జీవితంలో నాకు అన్నిటికంటే సిగ్గుగా అనిపించేది ఆ జావగ్లాసు పట్టుకున్న నా చెయ్యి.

ఇప్పుడు అంతర్వేది వెళ్తే పెళ్ళికి ముందు ఫొటోలు తీసుకునే జంటల నెత్తిన డ్రోన్లు తిరుగుతుంటాయి. గుప్పెడంత యంత్రం మొగ దాటి వెళ్ళి, సముద్రాన్ని చుట్టి, చెప్పిన చోటికి వచ్చి వాలుతుంది. దాన్ని నడిపే కుర్రాళ్ళకి బరువు గురించి బెంగ లేదు. నాన్నగారు బ్లేడు ముక్కతో చెక్కపొడి తీసి సాధించాలనుకున్నది ఇప్పుడు దుకాణంలో దొరుకుతుంది. అది చూసి సంతోషించాలని తెలుసు. కానీ నాకు మాత్రం ప్రతిసారీ ఇసుక మీద పసుపు చేతులతో నిలబడ్డ మనిషే కనపడేది. ఆమె ఎక్కడుందో కనుక్కోవడానికి రెండు గంటల బస్సు ప్రయాణం, నాలుగు అడుగుల నడక చాలు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆమె గుమ్మం దాకా వెళ్ళలేదు. మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాను. నేనే మర్చిపోలేదు, ఆమె ఎలా మర్చిపోతుంది?

కాఫీ లేకుండానే ముందుగదిలోకి వచ్చాను, గిన్నెలో మంచినీళ్ళు మాత్రం పట్టుకుని. వరలక్ష్మి గారు అలాగే కూర్చుని ఉన్నారు. వాళ్ళమ్మ ఆ రోజు తర్వాత ఏ శుభకార్యంలోనూ పసుపు ముట్టుకోలేదట. కూతురు పెళ్ళిలో వెనక దొడ్లో కూర్చుని ఉల్లిపాయలు తరిగిందట. మనవరాలికి నీళ్ళు పోసిన రోజు బతిమాలినా గది గుమ్మం దాటి లోపలికి రాలేదట. ఇదంతా ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు, వాళ్ళమ్మ గుణం అలాంటిదని చెప్పుకుంటున్నట్టు చెప్పారు. నేను ఆమె ఎదురుగా కూర్చుని, డబ్బా మూత దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. తర్వాత గిన్నెలో వేలు ముంచి, ఆ రెక్క ముక్క మీద, పసుపు మరక లేని చోట మెల్లగా రుద్దాను. బిగుసుకుని ఉన్న కాగితం నా వేలి కింద వదులై, ముడతపడి, కుంగిపోయింది. వేలికి సన్నటి జిగురు అంటింది. అది గంజి అని ఏ ఆడమనిషికైనా తెలుస్తుంది.

ఆమె కూడా నీళ్ళలో వేలు ముంచి ఇంకోచోట రుద్ది చూశారు. అంటిన జిగురుని బొటనవేలితో నలిపి చూసుకున్నారు.

"అప్పుడు మీకు ఎన్నేళ్ళండీ?" అని అడిగారు.

పద్దెనిమిది అన్నాను.

"మా అమ్మకి ఇరవై రెండండి," అన్నారు.

తర్వాత లేచి, రెక్క ముక్కని మళ్ళీ దుప్పటి ముక్కలో జాగ్రత్తగా చుట్టారు, తడి తగిలిన వైపు పైకి ఉండేలా. నాకివ్వమన్నారు కదమ్మా మీ అమ్మగారు అని అడగబోయి ఆగాను. ఆమె పొట్లం ఎత్తి, చిన్నపిల్లని సర్దుకున్నట్టు చంకన సర్దుకున్నారు. గేటు దాకా వెళ్ళాక వెనక్కి తిరిగారు.

"ఇది నేను తీసుకెళ్తానండి," అన్నారు. "అమ్మ ఫొటో దగ్గర పెడతాను. ఇంక ఇంట్లో పెట్టుకోవచ్చు కదండీ."

పెట్టుకోవచ్చన్నాను. మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు.